సైతాను సభలో మొదటి బల్ల

హేల్స్ బ్రూక్‌లో కెజీయా థర్లో తీసే వెన్నకి ఎంత పేరుందో ఆమె నోటికీ అంత పేరుంది. వెన్న కావలసినవాళ్ళు నోటిని భరించేవారు. నోటిని భరించలేనివాళ్ళు పట్నం నుంచి బండి మీద వచ్చే పాచి వెన్న తినేవారు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ సామెత కట్టినవాడు మా ఊరు చూడలేదు. నోరు మహా మెత్తగా పెట్టుకుని, ఆదివారం రెండు పూటలా గుళ్ళో కూర్చుని, సోమవారం పొద్దున్నే పక్కవాడి పంది తన కంచె దూరిందని కోర్టుకెక్కే కుటుంబాలు ఇక్కడ ముప్పై దాకా ఉండేవి. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాయం అన్నట్టుండేది వ్యవహారం.

కెజీయా పీపాలు కట్టేవాడి మూడో కూతురు. పొడగరి. చిలికి చిలికి ముంజేతులు మగవాళ్ళ చేతుల్లా తయారయ్యాయి. పంతొమ్మిదో ఏట ఎల్నాతాను థర్లోని చేసుకుంది. ఎల్నాతాను చెడ్డవాడు కాడు. చెడ్డవాడు కావడానికైనా కాస్త ధైర్యం ఉండాలి. ఎవరితో మాట్లాడుతుంటే వాళ్ళ అభిప్రాయమే తన అభిప్రాయం. వాన పడుతుందంటే ఔనంటాడు, పడదంటే అదీ ఔనంటాడు. ఆరుగురు బిడ్డలు పుట్టి ఐదుగురు పోయారు. మిగిలింది తిర్సా ఒక్కతే. ఆ పిల్లకి తల్లి ఎత్తు, తల్లి నోరు వచ్చినందుకు కెజీయా రోజూ దేవుడికి దండం పెట్టుకునేది.

మా గుళ్ళో ఎక్కడ పడితే అక్కడ కూర్చోవడానికి లేదు. మూడేళ్ళకోసారి సంఘపెద్దలు చేరి, ఆస్తి, వయసు, వంశం తూచి ఎవరిది ఏ బల్లో తేల్చేవారు. మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు. ఆడవాళ్ళ మొదటి బల్ల మీద మేజిస్ట్రేటు గారి దొరసాని, పాదిరి గారి భార్య, సంఘపెద్ద ఒబద్యా ప్రాట్ భార్య మెహెతబేలు కూర్చునేవారు. కెజీయాకి ఏడో బల్ల. ఆ సంగతి చదివి వినిపించిన రోజున ఆమె లేచి, "పర్వాలేదులెండి, దేవుడికి దూరపు చూపు బాగానే ఉంటుంది" అంది. ఏడో బల్ల నుంచి వెనక్కి ఉన్నవాళ్ళంతా తలలు వంచుకుని నవ్వారు. మొదటి బల్ల నవ్వలేదు.

ఇక పదహారు వందల తొంభై రెండో ఏడు. ఆ వేసవిలో చుట్టుపక్కల ఊళ్ళన్నిటా మంత్రగత్తెల మాటే. అలాంటి రోజుల్లో మెహెతబేలుకి వరసగా నాలుగుసార్లు వెన్న పడలేదు. పడదు. మీగడ ఎండలో పెట్టి, చిలికే పీపాని మరిగే నీళ్ళతో కడగకుండా చిలికితే ఎవరికీ పడదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆవిడ సైతాను మీద పెట్టింది. పెట్టి, పాతకాలపు పద్ధతి ఒకటి చేసింది. ఇనుప కడ్డీ ఎర్రగా కాల్చి పీపాలో ముంచింది. అలా ముంచితే లోపల దూరిన మంత్రగత్తెకి ఒళ్ళు కాలుతుందట. కాలిన తర్వాత ఆ గుమ్మంలోకి మొదట ఎవరొచ్చి ఏదైనా అడిగితే వాళ్ళే ఆ మంత్రగత్తె.

ఇది ఊళ్ళో పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు. ఏ ఇంట్లోంచైనా మాడిన మీగడ వాసన వచ్చిందంటే జనం ఆ పూట పొలాలకి అడ్డం పడి పోతారు తప్ప ఆ గుమ్మం తొక్కరు. ఆ వాసన కెజీయా ముక్కుకీ తగిలింది. దాని అర్థమూ తెలుసు. కానీ ఆమె జల్లెడ నాలుగు వారాలుగా మెహెతబేలు ఇంట్లో ఉంది, ఇవతల జున్నుకి పాలు విరిగి కూర్చున్నాయి. మూర్ఖులకి భయపడి పాలు పారబోసుకునే రకం కాదామె. తిన్నగా వెళ్ళింది.

"వదినా, నా జల్లెడ ఇస్తావా? లేక దాన్నీ కాల్చేశావా?"

మెహెతబేలు చేతిలో కడ్డీతో గుమ్మంలోకి వచ్చింది. "వచ్చావా! వస్తావని తెలుసు నాకు!"

"జల్లెడ నీ దగ్గరుంటే నేను రాక మానతానా?"

"అడిగింది! విన్నారా అందరూ? నోరు తెరిచి అడిగింది!"

"నా వస్తువు నేనడిగానమ్మా తల్లీ. నీది అడగలేదు. ఎండలో పెట్టిన మీగడ చిలికితే వెన్న పడదు, కంపు పడుతుంది. దానికి సైతాను దాకా ఎందుకు, నువ్వు చాలు."

ఆ ఇంట్లో అక్సా అని పద్నాలుగేళ్ళ పనిపిల్ల ఉండేది. పొద్దుటి నుంచి నీళ్ళు మోసి, మాడిన పీపా తోమడానికి కూర్చున్న పిల్ల. ఈ కేకలు వింటూనే నేల మీద పడి గిలగిల కొట్టుకుంది. పూనకం వచ్చిన పిల్లని ఎవరూ పీపా తోమమనరని పక్క ఊరి పనిపిల్లల్ని చూసి నేర్చుకుంది. ఆ వేసవంతా ఆ పిల్ల మళ్ళీ నీళ్ళు మొయ్యలేదు. అంతమంది పెద్దల మధ్య కాస్త తెలివిగా ప్రవర్తించింది అదొక్కతే.

మూడో రోజున కెజీయాని పట్టుకెళ్ళారు. విచారణ గుళ్ళోనే. బల్లలన్నీ నిండాయి, కిటికీలకి జనం వేలాడారు. అక్సా మేజిస్ట్రేటు కాళ్ళ దగ్గర పడి మెలికలు తిరుగుతోంది. ఇద్దరు కెజీయా చెయ్యి పట్టుకుని ఆ పిల్ల నుదుటి మీద ఆనించారు. పిల్ల ఊరుకుంది. గుడి గుడంతా "హమ్మో" అంది. మంత్రగత్తె ముట్టుకుంటే ఆమె పంపిన విషం తిరిగి ఆమెలోకే పోతుందనీ, అందుకే పూనకం దిగుతుందనీ చదువుకున్నవాళ్ళు పుస్తకాల్లో రాసి పెట్టారు. చదువు లేనివాళ్ళు ఇంత దూరం ఆలోచించలేరు.

"దొరగారూ, మీ చెయ్యి పెట్టి చూడండి. అప్పుడూ ఊరుకుంటుంది" అంది కెజీయా.

"నేనెందుకు పెడతాను?" అన్నాడు మేజిస్ట్రేటు, చెయ్యి వెనక్కి లాక్కుంటూ.

"మరి తేలేదెట్లా? నా చెయ్యొక్కటే పెట్టి చూస్తే నా చేతి మహిమే కనిపిస్తుంది."

గుమాస్తా 'ముద్దాయి అమర్యాదగా మాట్లాడినది' అని రాసుకున్నాడు.

జైల్లో ఆమె పక్కన గొలుసు వేసిన మనిషి రిస్పా వీలర్. డెబ్బై ఒక్కేళ్ళ వితంతువు. ఒక చెవి వినపడదు. ఎవరి ఇంటి ముందో తనలో తాను కీర్తన గొణుక్కుంటూ నడిచిందట, ఆ సాయంత్రం వాళ్ళ దూడ చచ్చిందట. అదీ ఆమె నేరం. ఊళ్ళో కెజీయా చులకనగా చూడని మనుషులు ఇద్దరే ఇద్దరు. ఒకరు కూతురు, రెండోది ఈ ముసలమ్మ.

ఆ కోర్టు న్యాయం ఎలాంటిదో చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మంత్రగత్తెనే అని ఒప్పుకున్నవాళ్ళని బతకనిచ్చేవారు, వాళ్ళ సాక్ష్యంతో ఇంకొందరిని పట్టుకోవచ్చు కనుక. కాదన్నవాళ్ళని ఉరి తీసేవారు. అంటే అబద్ధమాడినవాళ్ళు పశ్చాత్తాపపడినవాళ్ళు, నిజం చెప్పినవాళ్ళు మొండి పాపులు. దేవుడి రాజ్యం కడతామని సముద్రం దాటి వచ్చిన పెద్దమనుషులు కట్టింది ఇది. రిస్పా కాదనే అంది. ఆమె మీద అప్పటికి ఒక్కటే సాక్ష్యం ఉంది. ఉరి తియ్యడానికి రెండు కావాలి.

ఆగస్టులో ఒక ఉదయం ఎల్నాతాను పాదిరి గారిని, తిర్సాని వెంటబెట్టుకుని జైలుకి వచ్చాడు. టోపీ చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు.

"ఒప్పేసుకోవే. ఒక్క మాట. అంతే."

"ఏ మాట?"

"అదే... నువ్వు అదని."

"అదంటే ఏది?"

"నా నోటితో అనిపించకే."

"పెళ్ళాన్ని మంత్రగత్తె అనడానికి నీకు నోరు రాదు. నన్ను నేను అనుకోవడానికి నాకు రావాలి. బాగుందయ్యా."

పాదిరి గారు గొంతు సవరించుకున్నారు. ఆయన ఏం చెప్పినా ముందు గొంతు సవరించుకునేవారు, లోపల ఉన్నదేదో పెద్ద సరుకైనట్టు. "ఒప్పుకోలు ఆత్మకి మంచిదమ్మా. అయితే అది మనస్ఫూర్తిగా ఉండాలి. మంత్రగత్తెలంతా చేరే సైతాను సభలో ఎవరెవరిని చూశావో పేర్లు కూడా చెప్పాలి. పేర్లు లేని ఒప్పుకోలు కోర్టు నమ్మదు." కాస్త వంగి, ముసలమ్మ వినపడని చెవి ఇటే ఉందని చూసుకుని, "ఉదాహరణకి ఈ రిస్పా. ఎలాగూ ముసలిది" అన్నారు.

"మీకెంత వయసు, పాదిరి గారూ?"

ఆయన మళ్ళీ గొంతు సవరించుకున్నారు. తిర్సా వచ్చి తల్లి సంకెళ్ళ మీద రెండు చేతులూ వేసింది.

"అమ్మా, నువ్వు చచ్చిపోతే నేను ఈయనతో ఉండాలి" అంది.

కెజీయాకి అప్పటివరకూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఏడ్చింది. ఆ మాట అక్కడే ఉన్న ఎల్నాతాను కూడా విన్నాడు, టోపీ తిప్పడం మాత్రం ఆపలేదు.

వాళ్ళు వెళ్ళాక ఆమె రిస్పా మంచి చెవి వైపు జరిగి జరిగినదంతా చెప్పింది. ముసలమ్మ ఆమె మోకాలు తట్టింది.

"నువ్వు చెప్పుకో తల్లీ. నీకు పిల్లుంది. దేవుడు కళ్ళు మూసుకుంటాడులే కాసేపు. నన్ను మాత్రం అక్కడ చూశానని చెప్పకు. చస్తానని కాదు. నాకు ఎటూ రోజులు లేవు. నాకు చదువు రాదు గానీ, కాగితం మీద రాసింది మనం పోయాక కూడా ఉంటుందంటారు చూడు. నా పేరు పక్కన అది రాసుండకూడదు."

"రాయనివ్వను అవ్వా" అంది కెజీయా.

అప్పటి నుంచి విచారణ రోజు దాకా ఆమెకి ఒకటే ఆలోచన. పేర్లు చెప్పకపోతే ఉరి. చెబితే ఇంకొకరికి ఉరి. కోర్టు వినాలి, కానీ గుమాస్తా కలం రాయకూడదు. అలాంటి పేర్లు ఏమున్నాయి ఈ ఊళ్ళో?

మంగళవారం పొద్దున్న మళ్ళీ గుడి నిండింది. కెజీయా తలవంచుకుని నిలబడి అడిగినవన్నీ ఒప్పుకుంది. నల్లటి మనిషి రూపంలో సైతాను వచ్చాడా? వచ్చాడు. పుస్తకం మీద సంతకం పెట్టించాడా? పెట్టించాడు. దేనితో? నా నెత్తుటితో. సభకి ఎలా వెళ్ళావు? కర్ర మీద ఎగిరి. ఎంత ఎత్తున? ఆపిల్ చెట్లకి తగలకుండా. గుమాస్తా కలం పరుగులు పెడుతోంది. ఆపిల్ చెట్ల మాటకి మేజిస్ట్రేటు గారు ఎంతో తృప్తిగా తలూపారు. చిన్న వివరం ఉంటే అబద్ధానికి రుచి వస్తుందని జున్ను చేసేవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఆ సభలో రిస్పా వీలర్‌ని చూశావు కదూ?"

"లేదు దొరగారూ."

"బాగా గుర్తు తెచ్చుకో."

"తెచ్చుకునే చెబుతున్నాను. రిస్పా వీలర్ అక్కడ లేదు."

"మరెవరున్నారు?"

కెజీయా తలెత్తింది. "సైతాను పద్ధతైన మనిషి దొరగారూ. వాడి సభలోనూ మన గుళ్ళో లాగే బల్లలున్నాయి. ఆస్తి, వయసు, వంశం చూసే కూర్చోబెట్టాడు. నాకక్కడా ఏడో బల్లే. మొదటి బల్ల మీద సంఘపెద్ద గారి మెహెతబేలు వదిన ఉంది. ఆవిడ పక్కన పాదిరి గారి భార్య. ఆవిడ పక్కన, మెత్తటి దిండు వేసుకుని, తమ దొరసాని గారు."

మెహెతబేలు, ఇంకా తన పేరు ఎవరూ రాయకుండానే, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు లేచి నిలబడి "నేను కాదు, నేను కాదు" అంది. గుమాస్తా కలం గాల్లో ఆగింది. ఆయన మేజిస్ట్రేటు వైపు చూశాడు. మేజిస్ట్రేటు ముఖం ఎర్రబడింది.

"అబద్ధం!"

"అబద్ధమా దొరగారూ? ఏది? నల్లటి మనిషి అబద్ధమా, కర్ర అబద్ధమా? అన్నీ ఒక నోట్లోంచే వచ్చాయి. దొరసాని గారు లేరంటే సభా లేదు. సభ లేదంటే నేను మంత్రగత్తెని కాను. గొలుసులు విప్పేయించండి, ఇంటికి పోతాను. సభ ఉందంటే మాత్రం దొరసాని గారు ఉన్నారు."

ఆమె జీవితంలో అంత సుఖపడిన క్షణం లేదు. ఆ పెద్దలందరూ వాళ్ళు తవ్విన గోతిలో వాళ్ళే నిలబడి బిక్కచూపులు చూస్తున్నారు. పాదిరి గారు గొంతు సవరించుకోవడం కూడా మరచిపోయారు. మేజిస్ట్రేటు చాలాసేపు బల్ల మీద వేళ్ళతో కొట్టి, చివరికి గుమాస్తాతో చెప్పి రాయించాడు: 'నేరము ఒప్పుకున్నది. చీకటి వలన ముఖములు పోల్చలేకపోయినది.' కెజీయా బతికింది. ఇంకెవరి మెడకీ ఉచ్చు వెయ్యకుండా బతికింది.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఊరుకోవడానికి ఎల్నాతాను ఉన్నాడు కదా. దొరగారి ఎర్రటి ముఖం చూసి ఆయనకి పై ప్రాణాలు పైనే పోయాయి. పెళ్ళాం చేసిన అవమానానికి తన మీద ఏం విరుచుకుపడుతుందోనని, ఎవరూ పిలవకుండానే మగవాళ్ళ వైపు నుంచి లేచాడు.

"నేను చూశానండయ్యా. ఆ రిస్పాని. పోయిన చలికాలం మా కొట్టంలోకి... పిల్లిలా..."

"పిల్లిలా నడిచి వచ్చిందా? పిల్లి రూపంలో వచ్చిందా?"

ఎల్నాతాను దొరగారి ముఖంలో జవాబు వెతుక్కున్నాడు. దొరికింది. "రూపంలోనేనండయ్యా" అన్నాడు.

గుమాస్తా కలం మళ్ళీ పరుగెత్తింది. రెండో సాక్ష్యం పూర్తయింది. కెజీయా నోరు తెరిచింది గాని, ఇరవయ్యారేళ్ళు ఆయన్ని తిట్టిన మాటల్లో ఒక్కటీ చాలినది దొరకలేదు. బయటికి తీసుకుపోతుంటే గుమాస్తా బల్ల దగ్గర ఆగింది.

"బాబూ, రిస్పా అక్కడ లేదని చెప్పాను. అది రాశావా?"

"ఔనన్నవి రాస్తామమ్మా. కాదన్నవన్నీ రాస్తూ కూర్చుంటే కాగితాలు చాలతాయా?" అన్నాడు ఆయన, సిరా మీద ఇసక చల్లుకుంటూ. మర్యాదస్తుడు, విసుక్కోకుండానే చెప్పాడు.

జైల్లో రిస్పా గోడకి ఆనుకుని మొక్కజొన్న జావ తాగుతోంది. కెజీయా రాగానే గిన్నె పక్కన పెట్టి మంచి చెవి ఇటు తిప్పింది.

"బతికావా తల్లీ?"

"బతికాను అవ్వా."

"నా సంగతి అడిగారా?"

"అడిగారు. లేదన్నాను."

"రాశారా?"

పొద్దుటి నుంచీ ఊరందరి ముందూ వంద అబద్ధాలు తడుముకోకుండా చెప్పిన మనిషి. ఇప్పుడు నూట ఒకటోదీ చెప్పింది.

"రాశారు."

"నువ్వు చూశావా రాయడం?"

"చూశాను. ఇంత పెద్ద అక్షరాలతో రాశాడు."

ముసలమ్మ ముఖం విప్పారింది. జావ గిన్నె మళ్ళీ అందుకుని, సగం ఉంచి కెజీయా వైపు జరిపింది. "మీ ఆయన వచ్చాడా?"

"వచ్చాడు."

"పాపం భయస్థుడు. అయినా వచ్చాడు చూడు. ఆయన్ని ఏమీ అనకు."

సెప్టెంబరులో ఒక శుక్రవారం రిస్పా వీలర్‌ని ఉరి తీశారు. గొలుసుల్లో ఉన్న కెజీయా చూడలేదు. వెళ్ళి చూసిన తిర్సా వచ్చి చెప్పింది. నిచ్చెన ఎక్కాక ఏమైనా చెప్పుకుంటావా అని అడిగారట. ముసలమ్మ ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. "నేను అక్కడ లేనని కాగితం మీద ఉంది. నాకు చదువు రాదు, వచ్చినవాళ్ళు చదివి చూసుకోండి" అని, జనంలో ఉన్న గుమాస్తాని వేలెత్తి చూపించి, ఆయనకి నమస్కారం పెట్టిందట. జనమంతా అటు తిరిగారట. గుమాస్తా టోపీ సర్దుకుని, ఆయన కూడా నమస్కారం పెట్టాడట.

"నాన్న?" అంది కెజీయా.

"రాలేదమ్మా. రెండో కోత గడ్డి తడిసిపోతుందని పొలం వెళ్ళాడు."